పెంపుడు నేస్తాలు – ప్రశ్నలు, జవాబులు: ఆపరేషనైన కుందేలుకు ఇంట్లో చోటు

ఆడ కుందేలుకు గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్‌నే స్పేయింగ్ అంటున్నాం. పిల్లలు వద్దనుకుని చేయించేవాళ్లు కొందరు, వయసు మీద పడ్డాక వచ్చే గర్భసంచి కాన్సర్‌కు భయపడి చేయించేవాళ్లు కొందరు. ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఆపరేషన్ గురించి కాదు, ఆ తర్వాత ఇంట్లో గడిచే పది రోజుల గురించి. అందుకని పేజీ అంతా దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఫ్లాటు. మా చిట్టికి ఏడు నెలలు, బరువు 1.8 కిలోలు. వచ్చే శనివారం స్పేయింగ్. ఇప్పుడది రెండంతస్తుల ఇనుప పంజరంలో ఉంటుంది. కింద వైరు జాలీ, పైకి ఎక్కడానికి ర్యాంపు. ఇల్లంతా నున్నటి టైల్స్. ఆపరేషన్ అయ్యాక దాన్ని ఎక్కడ, ఎలా ఉంచాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా ఆ పంజరాన్ని రెండు వారాల పాటు పక్కన పెట్టేయండి. కోత పడేది పొట్ట మధ్యలో, బొడ్డుకు దిగువన. పైన కనిపించే గీత చిన్నదే, రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో. కానీ దాని కింద పొట్ట కండరానికి వేసిన కుట్టు వేరే ఉంటుంది. ర్యాంపు ఎక్కేటప్పుడు సాగేది ఆ కండరమే. దిగేటప్పుడైతే కుందేలు నడవదు, సగంలోంచి దూకుతుంది. మత్తు వదలని మొదటి సాయంత్రం కాళ్లు తడబడి అక్కణ్నుంచి జారిపడొచ్చు కూడా. ఇక వైరు జాలీ మామూలు రోజుల్లోనే పాదాలకు పుండ్లు తెస్తుంది. కోత ఉన్న పొట్టను దానిమీద ఆనించి పడుకోమనడం అన్యాయం.

కావలసింది ఒకే మట్టంలో ఉన్న చోటు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలు. ఇంకా పెద్దదైతే పరుగులు మొదలెడుతుంది. మరీ చిన్నదైతే కదలదు, కదలకపోతే పేగులూ కదలవు. కుక్కపిల్లల కోసం అమ్మే మడత ఫెన్సు మూడడుగుల ఎత్తుది తీసుకోండి. రెండడుగుల ఎత్తును కుందేలు నిలుచున్నచోటు నుంచే దాటేస్తుంది, ఆపరేషనైన మూడో రోజున కూడా. కడ్డీల మధ్య తల దూరే సందు ఉండకూడదు.

అసలు పని నేల మీద ఉంది. టైల్స్ మీద కుందేలు వెనక కాళ్లు జారి రెండు వైపులా విచ్చుకుంటాయి. సరిగ్గా ఆ కుదుపు కుట్టు మీద పడుతుంది. అడుగున ఒక ప్లాస్టిక్ షీటు, దానిమీద యోగా మ్యాటు, ఆపైన మందపాటి నూలు జంపఖానా వేయండి. అన్నింటి మీద ఉన్నిలా మెత్తగా ఉండే ఫ్లీసు దుప్పటి ఒకటి. మ్యాటు అంచు గానీ ప్లాస్టిక్ అంచు గానీ బయటికి కనిపిస్తే కొరికి మింగుతుంది, అది పేగులో అడ్డుపడుతుంది. కాబట్టి జంపఖానా అంచుల్ని నాలుగు వైపులా ఫెన్సు కిందికి మడిచి దోపండి. తర్వాత అరచేతిని గట్టిగా ఆనించి ముందుకు తోసి చూడండి. మీ చేతి కింద గుడ్డ జరిగితే దాని కాళ్ల కిందా జరుగుతుంది. టర్కీ టవళ్లు మాత్రం వేయొద్దు. వాటి పోగుల్లో గోరు చిక్కుకుంటే అది ఒక్క గుంజు గుంజుతుంది. గోళ్లు పెరిగి ఉంటే ఆపరేషన్‌కు ముందే కత్తిరించండి.

పైన పరిచే గుడ్డ లేత రంగుదైతే మంచిది, రక్తపు చుక్క పడితే తెలుస్తుంది. ఇక్కడ ఒక మాట. కుందేలు మూత్రం ఒక్కోసారి నారింజ రంగులో, ఇటుక ఎరుపులో కూడా వస్తుంది. తిన్న ఆకుల వల్లా, ఒంట్లో తయారయ్యే రంగు వల్లా అలా అవుతుంది. మడుగంతా ఒకే రంగులో ఉంటే కంగారు అక్కర్లేదు. చుక్కలుగా, చారలుగా ఎర్రగా కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి.

లిట్టర్ ట్రే, అంటే అది మలమూత్రాలకు వాడే ట్రే, దాని గట్టు రెండంగుళాలకు మించకూడదు. మీ ట్రే ఎత్తుగా ఉంటే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి తెచ్చి ఒక పక్క గట్టును కోసేయండి. కోసిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి, లోపలికి వెళ్లేటప్పుడు ఆ అంచుకు ఆనేది పొట్టే కదా. ట్రేలో నాలుగైదు న్యూస్‌పేపర్లు, వాటిమీద రెండంగుళాల మందాన ఎండుగడ్డి. ట్రేకు ఆనుకునే మరో గడ్డి కుప్ప, దాని పక్కనే నీళ్ల గిన్నె. నీళ్లు సీసాలో పెడితే మెడ చాచి, ముందుకాళ్లు ఎత్తి తాగాలి. ఒళ్లు నొప్పిగా ఉన్నప్పుడు ఆ కష్టం పడేకన్నా తాగడం మానేస్తుంది. బరువైన పింగాణీ గిన్నె పెట్టండి. సీసాకే అలవాటు పడి ఉంటే రెండూ ఉంచండి. పడుకున్నచోటు నుంచి రెండడుగుల్లో గడ్డి, నీళ్లు, ట్రే అందితే ఆ చోటు బాగా కుదిరినట్టే.

దాక్కోవడానికి అట్టపెట్టె పెట్టమని చాలామంది చెబుతారు. మేం మొదటి వారం వద్దంటాం. కుందేలుకు అట్టపెట్టె గది మాత్రమే కాదు, ఎక్కి కూర్చునే అరుగు కూడా. దానికి బదులు ఫెన్సు ఒక మూల మీద పాత దుప్పటి కప్పండి. చీకటిగా ఉంటుంది, ఎక్కడానికి ఏమీ ఉండదు, లోపలికి తొంగి చూడాలన్నా మీకు సులువు.

ఇదంతా శనివారం పొద్దున చేయొద్దు. మంగళ, బుధవారాల్లోనే సిద్ధం చేసి అందులోకి మార్చేయండి. ఆసుపత్రి వాసన, నొప్పి, మత్తు, వీటికి తోడు కొత్త చోటు అంటే కుందేలు ముడుచుకుని కూర్చుంటుంది, మేత ముట్టదు. శుభ్రం పేరుతో గుడ్డలన్నీ ఉతికేయకండి. దాని వాసన ఉన్న గుడ్డ ఒకటి ఉతక్కుండా ఉంచండి. చోటు పడగ్గది మూలలో అయితే మేలు. కుక్కరు విజిళ్లుండే వంటింట్లోనూ, పావురాలు, పిల్లులు వచ్చే బాల్కనీలోనూ వద్దు.

ప్రశ్న: ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని క్లినిక్‌లో ఫోనెత్తినవాళ్లు చెప్పారు. పెట్టకూడదా?
– కరీంనగర్ నుంచి

జవాబు: అది కుక్కలకు, పిల్లులకు చెప్పే మాట. మత్తులో వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని వాటిని పస్తుంచుతారు. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని శరీరంలో ఆ ఏర్పాటే లేదు. రాత్రంతా పస్తుంటే పేగుల కదలిక మందగించి ఆపరేషన్ తర్వాత తినడం కష్టమవుతుంది. బయల్దేరేదాకా గడ్డి, నీళ్లు ఉంచండి. నోట్లో మేత మిగలకుండా చివరి గంటో రెండు గంటలో ఆపమని డాక్టర్ అంటే సరే. ఫోనెత్తినవాళ్లను కాదు, కోసే డాక్టరునే అడగండి. కుందేళ్లకు రాత్రి పస్తు ఉండాల్సిందేనని ఆయన కూడా పట్టుబడితే, కుందేళ్ల అలవాటున్న మరో డాక్టర్ని చూసుకోవడం మంచిది. రోజూ తినే గడ్డి, ఇష్టమైన ఆకుకూర ఒక కవర్లో వేసి వెంట పంపండి. మెలకువ రాగానే ముందు పెడతారు.

ప్రశ్న: ఆపరేషనైన కుందేలును వెచ్చగా ఉంచమన్నారు. మా విజయవాడలో మే నెల, బయట 42 డిగ్రీలు. వెచ్చగా ఉంచాలా, చల్లగా ఉంచాలా?

జవాబు: రెండూ చేయాలి, కాకపోతే వేళలు వేరు. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. మత్తులో అది పడిపోతుంది. పొట్ట దగ్గర వెంట్రుకలు గొరిగేయడం వల్ల ఇంకా దిగుతుంది. కాబట్టి ఇంటికి తెచ్చిన మొదటి కొన్ని గంటలు చెవులు పట్టి చూడండి. చల్లగా ఉంటే వేడినీళ్ల సీసా సాయం కావాలి. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లు పోసి, బిగుతుగా మూత పెట్టి, రెండు మడతల గుడ్డ చుట్టి చోటులో ఒక చివర ఉంచండి. రెండో చివర ఖాళీగా ఉండాలి, వేడి ఎక్కువైతే అది పక్కకు జరగ్గలగాలి. కరెంటు హీటింగ్ ప్యాడ్ వద్దే వద్దు. మత్తులో ఉన్న కుందేలుకు కాలుతున్నది తెలియదు, మత్తు దిగాక వైరు కొరుకుతుంది.

చెవులు వెచ్చబడి, అటూఇటూ తిరగడం మొదలెట్టాక మన ఊరి ఎండే అసలు శత్రువు. కుందేలుకు చెమట పట్టదు, వేడిని చాలావరకు చెవుల ద్వారానే వదులుకుంటుంది. గది 28 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. ఏసీ 24, 25 మీద పెట్టి, గాలి నేరుగా దానిమీదికి రాకుండా చూడండి. విజయవాడ ఉక్కలో కూలర్ పనిచేయదు, ఉన్న తేమకు ఇంకాస్త తేమ కలుపుతుంది. కరెంటు పోయినప్పుడు వాడటానికి లీటరు సీసాలు రెండు ఫ్రీజర్లో గడ్డకట్టించి ఉంచుకోండి. గుడ్డ చుట్టి ఒక పక్కన పెడితే అదే వచ్చి ఆనుకుంటుంది. ఒంటిమీద నీళ్లు చల్లకండి, కోత తడుస్తుంది. మరీ ఎగశ్వాసగా ఉంటే తడి చేత్తో చెవులు నిమురుతూ డాక్టరుకు ఫోన్ చేయండి. తొందర లేని ఆపరేషనైతే నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోవడమే మేలు.

ప్రశ్న: లిట్టర్ ట్రేలో రంపపు పొట్టు వాడతాం. పిల్లుల మట్టి గుళికలు కూడా ఉన్నాయి. ఏది మంచిది?
– రాజమండ్రి నుంచి

జవాబు: ఇప్పుడు రెండూ వద్దు. పొట్టు కోతకు అంటుకుంటుంది, దాని దుమ్ము ముక్కులోకి పోతుంది. ఘాటు వాసన వేసే దేవదారు, పైన్ పొట్టు అసలే వద్దు. పిల్లుల గుళికల్లో తడికి గడ్డకట్టే రకాన్ని మింగితే పేగులోనూ అలాగే గడ్డకడుతుంది. న్యూస్‌పేపరు, పైన గడ్డి. పూటకోసారి మార్చాలి, అంతే.

ప్రశ్న: మా దగ్గర జంట ఉంది. మగదానికి పన్నెండు రోజుల క్రితం ఆపరేషన్ చేయించాం, ఆడదానికి రేపు. ఒకటి లేకుండా ఒకటి ఉండవు. ఇంటికి తెచ్చాక కలిపి ఉంచొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఒకే గదిలో ఉంచండి, ఒకే ఫెన్సులో వద్దు. మగదానికి ఆపరేషనైన తర్వాత కూడా కొన్ని వారాలు జతకట్టే ఊపు పోదు, ఆడదాని వీపు మీద ఎక్కబోతుంది. ఆ తోపులాటకు రెండు రోజుల కుట్టు ఆగదు. పైగా ఆసుపత్రి వాసనతో వచ్చిన తోడును కొన్ని కుందేళ్లు గుర్తుపట్టక కరుస్తాయి కూడా.

రెండు ఫెన్సుల్ని పక్కపక్కనే పెట్టి మధ్యలో రెండంగుళాల ఖాళీ ఉంచండి. వాసన, చూపు అందుతాయి, ముక్కు కరిచే వీలుండదు. రెండింటి గడ్డి కుప్పలూ ఆ సరిహద్దు దగ్గరే పెడితే పక్కది నములుతుంటే ఇదీ నములుతుంది. ఆకలి పుట్టించడానికి ఇంతకన్నా చవకైన మందు లేదు. రోజుకోసారి దీని గుడ్డ దానికీ, దాని గుడ్డ దీనికీ మార్చండి. డాక్టర్ ఒప్పుకుంటే మగదాన్ని కూడా క్లినిక్‌కు వెంట తీసుకెళ్లండి, ఇద్దరికీ ఒకే వాసన పడుతుంది. పది పన్నెండు రోజుల తర్వాత, కుట్టు చూపించాక, మీరు పక్కన కూర్చుని కలపండి.

ప్రశ్న: నిన్న మధ్యాహ్నం స్పేయింగ్ అయింది. రాత్రి రెండు కొత్తిమీర రెబ్బలు తిన్నది. ఈ పొద్దుటి నుంచి మూల కూర్చుని కదలడం లేదు. పెంటికలు నాలుగైదే వేసింది, అవీ చిన్నవి. విశ్రాంతి తీసుకుంటోందని వదిలేయాలా?
– నెల్లూరు నుంచి

జవాబు: వదిలేయొద్దు. మీ ఉత్తరం మాకు చేరేసరికే ఆ గంటలు దాటిపోయి ఉంటాయి. ఇదే పరిస్థితి రాబోయేవాళ్ల కోసం వివరంగా చెబుతున్నాం.

స్పేయింగ్ తర్వాత కుందేళ్లను ప్రాణాపాయంలోకి నెట్టేది చాలాసార్లు కుట్టు కాదు, కడుపు. కుందేలు పేగుల్లో పీచు నిరంతరం కదులుతూ ఉండాలి. నొప్పి వల్ల తినదు, తినకపోతే పేగు నెమ్మదిస్తుంది, లోపల గ్యాసు చేరుతుంది, ఆ గ్యాసుతో నొప్పి పెరుగుతుంది, ఇంకా తినదు. ఈ చుట్టు తిరగడానికి ఒక రాత్రి చాలు. ఏమీ తినకుండా 12 గంటలు గడిస్తే అది అత్యవసరం. రేపు చూద్దాం అనకూడదు.

మొదటి రోజు పెంటికలు తక్కువగా, చిన్నగా రావడం మామూలే. కానీ వస్తూ ఉండాలి. లెక్క తెలియాలంటే ఇంటికి తెచ్చేముందే ట్రే, నేల పూర్తిగా తుడిచి ఉంచాలి. అప్పుడు కనిపించే ప్రతి పెంటికా కొత్తదే. 24 గంటల్లో ఒక్కటీ లేకపోతే ఫోన్ చేయడం కాదు, తీసుకెళ్లండి. నొప్పిని కుందేలు అరిచి చెప్పదు. వీపు గూనిలా పెట్టి, కళ్లు సగం మూసి, పొట్టను నేలకు నొక్కుతూ, బయటికి వినపడేలా పళ్లు కొరుకుతుంటే అది నొప్పే.

ముందుగా నొప్పి మందు. సాధారణంగా మెలాక్సికామ్ ద్రవం రాస్తారు. సీసా మీద కుక్కలకు రాసి ఉన్న లెక్కతో పోల్చి మోతాదు ఎక్కువైందని తగ్గించకండి. కుందేలు ఒంట్లో ఆ మందు త్వరగా కరిగిపోతుంది, అందుకే కిలోకు ఎక్కువ రాస్తారు. ఇంటికి పంపేటప్పుడు నొప్పి మందు ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి. మనుషుల నొప్పి మాత్రలు ముక్క చేసి వేయకండి.

తర్వాత మేత. లేత గరిక, కొత్తిమీర, పుదీనా కడిగి, నీళ్లు కారుతుండగానే మూతి దగ్గర పెట్టండి. నలిపి పెడితే వాసన ఇంకా బాగా తగులుతుంది. వినాయక చవితికి తెచ్చే గరికే, మందులు కొట్టని చోటుది కావాలి. అప్పటికీ ముట్టకపోతే సిరంజితో పెట్టాలి. క్రిటికల్ కేర్ అని, మేత మానేసిన కుందేళ్లకు నీళ్లలో కలిపి పెట్టే పొడి ఉంటుంది, అది ఒక వంతుకు రెండు వంతుల గోరువెచ్చని నీళ్లు. దొరక్కపోతే అది రోజూ తినే పెల్లెట్లనే (గుళికల మేత) వేడినీళ్లలో నానబెట్టి మెత్తగా చిదిపి, చల్లార్చి వాడొచ్చు. పూటకు కిలోకు 10 నుంచి 15 మి.లీ. చొప్పున, రోజుకు నాలుగు పూటలు. 1.8 కిలోల కుందేలుకు పూటకు 20 మి.లీ.తో మొదలెట్టొచ్చు. సూది లేని సిరంజి మూతిని ముందు పళ్ల పక్క సందులోంచి పెట్టి ఒక్కో మి.లీ. వదిలి, నమిలి మింగేదాకా ఆగాలి. నాలుగు కాళ్ల మీద కూర్చున్నప్పుడే పెట్టాలి. వెల్లకిలా తిప్పితే మేత ఊపిరిలోకి పోతుంది, పైగా అది ఎగిరి తన్నే తన్నుకు దాని నడుమే విరగొచ్చు. పొట్ట డప్పులా ఉబ్బి గట్టిగా ఉంటే మాత్రం సిరంజి జోలికి పోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి.

ఇంకొక్కటి, చీటీలో తప్పక చూసుకోవలసింది. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కుందేలుకు నోటి ద్వారా ఇవ్వకూడదు. పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం మీదికి తెస్తాయి. కుక్కలకు, పిల్లులకు రోజూ రాసే మందులు కావడంతో పొరపాటున పడొచ్చు. కనిపిస్తే మొహమాటపడకుండా అడిగి మార్పించుకోండి.

ప్రశ్న: కుట్టు నాకుతోందని క్లినిక్‌లో పిల్లికి వేసే ప్లాస్టిక్ గరాటు మెడకు కట్టారు. అప్పటి నుంచి బొమ్మలా కూర్చుంది. తీసేయొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నాకడం వేరు, కుట్టు కొరికి లాగడం వేరు. రోజులో కాసేపు నాకి ఊరుకుంటే గరాటు అక్కర్లేదు. అది ఉంటే కుందేలు గడ్డిని నోటితో అందుకోలేదు. తన పిరుదుల దగ్గర నుంచే నేరుగా తినే మెత్తటి రాత్రి పెంటికలనూ అందుకోలేదు. ద్రాక్షగుత్తిలా జిగురుగా ఉండే అవి దానికి మేతలో భాగం. డాక్టరుతో మాట్లాడి తీసేయండి. నిజంగా కొరుకుతుంటే నెలల పిల్లలకు వేసే సాగే నూలు చొక్కా ఒకటి తెచ్చి ముందుకాళ్లు చేతుల్లోంచి వచ్చేలా తొడిగి, వీపు మీద ముడి వేయండి. వెనక భాగం పూర్తిగా తెరిచి ఉండాలి. రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. పూటకోసారి తీసి, కోత పొడిగా ఉందో లేదో చూడండి.

రోజూ ఒకే వేళకు ఫోనుతో కోత ఫొటో తీస్తే తేడా తెలుస్తుంది. ఫొటో కోసం వెల్లకిలా వేయకండి. ఒకరు ఛాతీ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి వేసి ఒంటికి ఆనించుకుని నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు తీయొచ్చు. మొదటి రెండు మూడు రోజులు కాస్త ఎరుపు, సన్నని గట్టు మామూలే. చీము, దుర్వాసన, విచ్చుకోవడం, పెరుగుతున్న వాపు ఉంటే చూపించాలి. పసుపు, కొబ్బరినూనె, ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ ఏదీ రాయొద్దు. రాసిందంతా నాకేస్తుంది.

ప్రశ్న: మాది కాకినాడలో కింది ఇల్లు. వానాకాలం చీమలు, ఈగలు ఎక్కువ. కుందేలు చోటు చుట్టూ చీమల సుద్ద గీయొచ్చా?

జవాబు: వద్దు, అది పురుగుమందు. కాళ్లకు అంటుకుంటుంది, కాళ్లు నాకుతుంది. తీపి పండు ముక్కలు లోపల మిగల్చకుంటే చీమలు సగం తగ్గుతాయి. నీళ్ల గిన్నెను నీళ్లున్న పళ్లెంలో పెట్టండి. ఫినాయిలు, దోమల చుట్టలు, అగరొత్తులు ఆ గదిలో ఆపేయండి. ట్రే కడగడానికి తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం చాలు. ఈగల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తడిసిన వెంట్రుకల మీదా, కోత మీదా గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులవుతాయి. ఫెన్సు మీద దోమతెర కప్పి, రోజుకు రెండుసార్లు తోక కింద చూడండి. అంటుకుపోయి ఉంటే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, స్నానం చేయించొద్దు. ఇంట్లో కుక్కకు గోమార్ల మందు వాడుతుంటే దాన్ని కుందేలుకు వేయకండి. వాటిలో చాలావాటిలో ఉండే ఫిప్రోనిల్ కుందేళ్లకు విషం.

ప్రశ్న: ఆరో రోజుకే గంతులేస్తోంది. ఫెన్సు తీసేయొచ్చా?
– ఖమ్మం నుంచి

జవాబు: ఇంకా లేదు. దానికి నొప్పి పోయింది, కండరం మాత్రం అతకలేదు. ఫెన్సు తలుపు తీసి, సోఫాలు, మంచాలు లేని చోట మరో జంపఖానా పరిచి పూటకు అరగంట నడవనివ్వండి. బయటికి కనిపించే కుట్లయితే 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. లోపల కరిగిపోయేవైతే ఆ రోజుల్లోనే ఒకసారి చూపించండి. డాక్టర్ సరేనన్నాక ఫెన్సు తీయండి, ర్యాంపును మాత్రం ఇంకో వారం ఆగి పెట్టండి. ఈలోగా గొరిగిన పొట్ట మీద వెంట్రుకలు మచ్చలు మచ్చలుగా మొలుస్తాయి, అది జబ్బు కాదు.